తడి గరిటె

"నేనేం మాట్లాడలేదబ్బాయ్. సుబ్బరావమ్మ ఇంటికెళ్లి టీ తాగుతా ఊరికే చూస్తా కూర్చున్నా. సినిమాలో ఇన్‌స్పెక్టరు చేసిందీ అంతేగా. కాసేపటికి ఎదురుగా కూర్చున్నవాడే చంపానని చెప్పేశాడు."

నసీమున్నీసా గారు మిషను సూది కింద జాకెట్టు చెయ్యి తిప్పుతూ చెబుతున్నారు. బ్రాడీపేటలో ముప్పై ఏళ్లుగా ఆ వరండాలోనే ఆమె కుట్టుపని. మా ఆవిడ జాకెట్ల కోసమని వెళ్లి, కబుర్లు వింటూ స్టూలు మీద ఉండిపోవడం నాకు అలవాటు.

ఏటా పక్కింటి సుబ్బరావమ్మ గారి పొలం నుంచి పండుమిర్చి వస్తుంది. ఇద్దరూ కలిసి పచ్చడి దంచి, నసీమున్నీసా గారి వంటింట్లో ఒకే జాడీకి ఎత్తుతారు. ఎవరికి కావాల్సినంత వాళ్లు తీసుకుంటారు. ఈసారి నెల తిరక్కుండానే బూజు పట్టింది. ఎవరో తడి గరిటె పెట్టారన్నమాట. సరిగ్గా అప్పుడే మనవరాలు అర్ఫా ఫోన్లో ఒక పాత ఫ్రెంచి సినిమా పెట్టి, మాటలకు అర్థం చెబుతూ చూపించింది. సగంలో చార్జింగు అయిపోయింది. దొంగని పట్టడానికి ఈవిడకు ఆ సగం చాలింది.

"మరి సుబ్బరావమ్మ గారు ఒప్పుకున్నారా పిన్నీ?"

"ఎందుకొప్పుకోదు? మా మునక్కాయలు రెండేళ్లుగా కోసుకుంటందంట. నా క్యారేజీ మూత సొట్ట తనదేనంట. నేను కుట్టిన జాకెట్టు బజార్లో విప్పించి మళ్లీ కుట్టించుకుందంట. గరిటె సంగతి మాత్రం చెప్పలా. 'దొంగని చూసినట్టు చూస్తన్నావొదినా' అని ఏడ్చి తలుపేసుకుంది. పది రోజులైంది, మాటల్లేవు. టీ ఒక్కదాన్నే తాగుతున్నా."

మిషను ఆగింది.

"నిన్న మిగతా సగం చూశాం."

"చంపిందెవరు?"

"ఇన్‌స్పెక్టరే. ఎదురుగా కూర్చున్నవాడు పాపం భయపడి ఒప్పుకున్నాడంతే." ఆమె వంటింటి వైపు చూశారు. "అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్య నీకు అన్నం పెట్టాగా? హడావిడిలో గరిటె కడిగి, తుడవకుండానే జాడీలో..."

"వెళ్లి చెప్పేయండి. నవ్వేస్తారు."

"ఏ మొహం పెట్టుకుని? అది ఏడుస్తుంటే జడ్జీలాగా టీ తాగుతా కూర్చున్నా."

 కళ్లద్దాల పైనుంచి ఊరికే నన్నే చూస్తూ కూర్చున్నారు. నేను స్టూలు మీద సర్దుకున్నాను. జాకెట్ల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"రెండోసారి పచ్చడి... నేనే వేసుకున్నాను పిన్నీ, గరిటె తడిగా ఉందేమో చూసుకోలేదు," అనేశాను.

"ఆ, అదే వెళ్లి సుబ్బరావమ్మకి చెప్పు. తడి గరిటె నీదేనని చెప్పి వెంటబెట్టుకుని రా. టీ పెడతన్నా."