ఎవరూ రాయలేదట

ఈ రోజు నల్గొండలో మా వీధిలోకి నిజాం పోలీసులు సోదాకు వచ్చారు. అప్పుడే నేను వెట్టిచాకిరీ మీద రాస్తున్న పరిశోధన వ్యాసంలో, నాకంటే ముందు ఎవరేం రాశారో చెప్పే భాగం ముగించాను. అందులో సగం సర్కారు నిషేధించిన పుస్తకాలే. మా బాపు అది చదివి నా వైపు తిరిగాడు.

"గీ పుస్తకాలన్నీ సదివిన్నని నీ చేత్తోటే రాసిస్తవా బిడ్డా?"

"రాయకుంటే పరిశోధన ఎట్లయితది బాపూ?"

"రాస్తే నువ్వెట్ల బతుకుతవు?"

ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేశాడు. బూట్ల చప్పుడు మా గుమ్మం దాటిపోయాక, ఆ భాగమంతా ఒక్క వాక్యంలో మళ్లీ రాశాను: "ఈ విషయం మీద ఇంతవరకు ఎవరూ ఏమీ రాయలేదు."

రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు జైల్లో ఉన్నారు. మీరైతే ఏం రాసేవారో చెప్పండి. నోటితోనే చెప్పండి, కాగితం మీద వద్దు.