సమ్మయ్య స్కూలుకు నేను రాసిన చరిత్ర

నిండు సభలో నా పరువు గంగలో కలిసిన వైనం చెబుతాను. నవ్వండి గానీ జాలిపడకండి. నాకిప్పటికీ పిసరంత పశ్చాత్తాపం లేదు.

అప్పట్లో నేను బస్తర్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, బిజినెస్ స్కూల్లో కాంట్రాక్టు లెక్చరర్ని. చింతపండు వ్యాపారంలో సంపాదించి బిల్డింగు కట్టించిన దాత అని స్కూలుకు సమ్మయ్య పేరు పెట్టారు. వార్షికోత్సవానికి స్కూలు చరిత్ర, దాత చరిత్ర రాసి చదవమన్నారు. సమ్మయ్య ఎప్పుడో పోయాడు. ఆయన భార్య లచ్చక్క భోపాలపట్నం నుంచి అతిథిగా వస్తోంది. ఆమెకు హిందీ అంతంతమాత్రం, హాల్లో తెలుగు తెలిసినవాళ్ళూ బాగానే ఉంటారు కాబట్టి తెలుగులో చదవాలి. ఆమెనే ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేనెందుకు అడుగుతాను? ఎంబీఏ చదివినవాణ్ణి! అంతా ఊహించి రాసేశాను.

సభలో గొంతు సవరించుకున్నాను. "మహనీయుడు సమ్మయ్య చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతలన్నీ తిరిగి..."

ముందు వరసలో లచ్చక్క లేచి నిలబడింది. "ఏంది బిడ్డా, ఎవరు తిరిగిన్రు?"

"సమ్మయ్యగారు, పెద్దమ్మా."

"ఆయనా? చింతపండు వాసనకే తుమ్ములొచ్చేటియి ఆయనకు! ఇంట్లనే పండేటోడు. సంతలు తిరిగింది నేను, లారీలు పంపింది నేను, ఈ బిల్డింగు కట్టిచ్చింది నేను."

"మరి పేరు ఆయనది..."

"మీ సాబులు పెట్టిన్రు. నన్నడిగిన్రా?"

మా విభాగాధిపతి బైలడిలా ఇనుప గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆంధ్రా ఆయన. నా చెవిలో బుస కొట్టారు. "రాసింది రాసినట్టు చదివెయ్యవయ్యా! కాంట్రాక్టు కావాలా, వద్దా?"

నా పౌరుషం మూత పెట్టిన ఎసరులా పొంగింది. "కావాలి సార్. అబద్ధం మాత్రం చదవను!" అన్నాను, సరిగ్గా మైకులోనే. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి. ఆవేశంలో 'ఆయన' అన్నచోటల్లా 'ఆమె' పెట్టి అక్కడికక్కడే చదవడం మొదలెట్టాను.

"మహనీయురాలు లచ్చక్క సంతలన్నీ తిరిగింది! దళారులను ఎదిరించింది!" మళ్ళీ చప్పట్లు. "లారీ ముందు నిలబడి, మీసం మెలేసి, తొడగొట్టి..."

అప్పుడు ఆగాను. అప్పటికే ఆలస్యమైంది. నవ్వులకు పైకప్పు లేచిపోతుందేమో అనిపించింది.

"ఆ మీసం కొట్టెయ్! క్షమాపణ చెప్పు!" అని విభాగాధిపతి కేకేశారు.

లచ్చక్క నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వేదికెక్కి మైకు లాక్కుంది. "ఎందుకు కొట్టేసుడు? నా పేరు పెట్టేదాంక ఆ మీసం ఉండనియ్యుండ్రి. తొడగొట్టుడైతే నిజమే, బీజాపూర్ సంతల!"

ఆ ఏడాదే బోర్డు మీద లచ్చక్క పేరు ఎక్కింది, కాంట్రాక్టు లెక్చరర్ల జాబితాలోంచి నా పేరు దిగింది. పోతే పోయింది!

ఇక నా భీషణ ప్రతిజ్ఞ వినండి. ఇకమీదట ఏ మహనీయుడి చరిత్ర రాయాల్సి వచ్చినా, ముందు వాళ్ళింటికెళ్ళి ఆడవాళ్ళను అడుగుతాను. మీసం ఎవరికి పెట్టాలో ఆ తర్వాత చూసుకుంటాను.