జర్మన్ల ఆల్బమ్‌లో లేని పాట

ఈ రోజు ఐర్లండ్‌లో మేముండే అత్లోన్‌ ఊళ్లో సీడీల కొట్టువాడితో తగాదాకు వెళ్లి ఓడిపోయి వచ్చాను. పేరెత్తితే మా ఆవిడ గదిలోంచి లేచి వెళ్లిపోయే ఒక జర్మన్ హార్డ్ రాక్ బృందం ఉంది. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నారు. వాళ్ల ఆల్బమ్‌లు నాకు వరసగా కంఠతా వచ్చు. ఏ ఆల్బమ్ తర్వాత ఏ గిటారిస్టు అలిగి వెళ్లాడో కూడా చెప్పగలను. గుంటూరులో క్యాసెట్ల మీద నేర్చుకున్న చదువు అది. అరిగిన క్యాసెట్ల బదులు సీడీలు కొంటుంటే, నాలుగో ఆల్బమ్‌లో నాకు ప్రాణమైన చివరి పాట కనబడలేదు.

"పాట కోసేసి అమ్ముతారా?" అని కొట్టు యజమాని పాడ్రిగ్‌ను నిలదీశాను.

"అందులో ఎప్పుడూ ఎనిమిదే పాటలు. ఏదీ, పాడండి చూద్దాం."

యాభై ఎనిమిదేళ్ల వయసులో, వెనక నలుగురు నిలబడి ఉండగా పాడాను. రెండో చరణానికి పాడ్రిగ్ గొంతు కలిపాడు, వెనకున్న ఒక పెద్దావిడ కూడా.

"జర్మన్లేంటండీ, ఇది మా డబ్లిన్ కుర్రాళ్లది. ఏం పర్లేదు, యూ ఆర్ గ్రాండ్," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు, గుంటూరులో ఖాళీ క్యాసెట్లలో అడిగిన పాటలు ఎక్కించి ఇచ్చే మా రికార్డింగ్ సెంటర్ సుబ్బారావు. క్యాసెట్ చివర ఖాళీ మిగిలితే జనం గొడవపడతారని, చేతికందిన పాటతో నింపేసేవాడు. ఇరవై ఏళ్లు ఐర్లండ్ పాటను జర్మన్లదని నమ్మి, చివరికి ఐర్లండ్‌కే వచ్చి పోట్లాడాను.

సీడీ వాపసివ్వలేదు, డబ్లిన్ వాళ్లది కూడా కొనుక్కున్నాను. మీ క్యాసెట్ల చివర మీ సుబ్బారావులు ఏం నింపారో విని చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది.