మెట్ల మీద ఆగిన అమ్మాయి

అమెరికాలో, అరోరా ఊళ్లో నేను ఎక్కిన రైల్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలో పొడుగాటి బ్రష్ ఉంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని నవ్వింది. ఆ బ్రష్ నేల తుడిచేదనుకుని, "క్లీనింగ్ జాబా అమ్మా?" అని అడిగేశాను.

"కాదు ఆంటీ, కర్లింగ్ అనే ఆట. ఐస్ మీద రాయి జారుతుంటే మేం దాని ముందు స్వీప్ చేస్తాం."

"ఊడవడమేగా!"

"బాడీ వెయిట్ మొత్తం బ్రష్ మీద వేసి రుద్దాలి ఆంటీ. కెప్టెన్ 'హార్డ్', ఇంకా గట్టిగా అని అరుస్తుంటే ఆపకూడదు. లాస్ట్ వీక్ హార్ట్ చాలా ఫాస్ట్ అయింది, కళ్ల ముందు అంతా బ్లాక్ అయిపోయింది. నేను ఆపలేదు." రెండు వేళ్లు మెడ మీద ఆనించుకుంది. "ఇవాళ టీమ్ సెలెక్షన్ ట్రయల్స్. మామ్‌కి తెలిస్తే పంపించదు."

"డాక్టర్‌కి చూపించావా?"

"ట్రయల్స్ అయ్యాక."

వెళ్లొద్దని చెప్పడానికి నేనెవరిని అనుకునేలోగా ఆమె స్టేషన్ వచ్చింది. బ్రష్ భుజాన వేసుకుని దిగి, మెట్లెక్కుతూ సగంలో ఆగింది. వేళ్లు మళ్లీ మెడ మీదికి వెళ్లాయి. తలుపులు మూసుకుని రైలు కదిలింది.

ఇప్పటికీ ఇల్లు ఊడుస్తూ మధ్యలో ఆగిపోతుంటాను. ఆమె పై మెట్టు దాకా వెళ్లిందో లేదో నేను చూడలేదు.