స్క్రిప్టులో లేని కాలమ్

నాచారం ఆఫీసులో గౌతమిని అందరూ వాచ్‌మన్ అక్క అని ఆటపట్టించేవారు. ఆ కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఎవరు ఏ మార్పు చేసినా ముందు ఆఫీసులోని టెస్ట్ డేటాబేస్‌లో చెయ్యాలి. చేసిన ప్రతి మార్పునూ స్క్రిప్టుగా, అంటే కంప్యూటర్ వరసగా నడిపే ఆదేశాలుగా, రాసి గౌతమికి ఇవ్వాలి. ఆ స్క్రిప్టును ఆసుపత్రి అసలు డేటాబేస్‌లో నడిపేది ఆమె ఒక్కతే. "చేత్తోని ఏం పెట్టకున్రి, రాసియ్యున్రి" అని చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. ఆలేరు నుంచి వచ్చి, కష్టపడి ఈ పనిలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

తెనాలి నుంచి వచ్చిన సుష్మ ఉప్పల్‌లో ఆమె గదిలోనే దిగింది. ఉద్యోగం కూడా గౌతమి చెప్పి ఇప్పించిందే. ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. తనకు చెల్లెలు లేని లోటు తీరిందని గౌతమి మురిసిపోయేది, పిచ్చిది.

ఒక శనివారం డయాలిసిస్ సెంటర్ కోసం సుష్మ చేసిన మార్పుల స్క్రిప్టును గౌతమి నడిపింది. నడిపాక రెండు డేటాబేస్‌లనూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు మాత్రం, "ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగి ఊరుకుంది.

"అంతే అక్కా," అంది సుష్మ. ఆ మాట చాలనుకుంది గౌతమి.

సోమవారం పొద్దున ఉప్పల్‌లోని ఆ సెంటర్‌లో స్క్రీన్లు తెరుచుకోలేదు. ఎవరిని ఏ మిషన్ మీద పడుకోబెట్టాలో తెలియక నర్సులు తలలు పట్టుకున్నారు. దమ్మాయిగూడ నుంచి వచ్చిన రాజయ్య అనే పెద్దాయన ఉబ్బిన కాళ్లతో మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. గౌతమి వెతికితే సంగతి బయటపడింది. మిషన్ నంబరు కోసం సుష్మ టెస్ట్ డేటాబేస్ పట్టికలో ఒక కొత్త కాలమ్ చేత్తో పెట్టేసి, స్క్రిప్టులో రాయడం మరిచిపోయింది. అందుకే ఆఫీసులో అన్నీ నడిచాయి. సెంటర్‌లో ఆ కాలమ్ లేనే లేదు.

గౌతమి దాన్ని పెట్టి పని నడిపించింది. సాయంత్రం యజమాని రామ్మోహనరావు ఇద్దరినీ పిలిచాడు. సుష్మ ఇంకా పర్మనెంట్ కాలేదు, ఈ ఒక్కటి చాలు ఇంటికి పంపడానికి. గౌతమి ఒక అడుగు ముందుకు వేసింది.

"తప్పు నాదే సార్. నేనే సూస్కోలే."

అనేసి సుష్మ వైపు చూసింది. కాదు సార్, నేనే అంటుందనుకుంది. అలా అంటే తనే అడ్డుపడి సర్దిచెప్పేది. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. సుష్మ తల వంచుకుని నేల చూసింది.

నాలుగు చీవాట్లతో పోతుందనుకున్నది పోలేదు. "రేపట్నుంచి నువ్వు ఫోన్లు చూసుకో గౌతమీ. నీ పని సుష్మకి అప్పజెప్పు," అన్నాడు రామ్మోహనరావు.

గదికి వచ్చాక సుష్మ ఏడ్చింది. "నువ్వే చెప్పేశావు కదక్కా. మళ్లీ మధ్యలో నేనెందుకని..."

గౌతమి ఆమె కళ్లు తుడిచి అన్నం పెట్టింది. అయినా ఆశ చావలేదు. పర్మనెంట్ అయ్యాక చెబుతుందిలే అనుకుంది. సుష్మ పర్మనెంట్ అయింది, ఆఫీసంతా మిఠాయి పంచింది. ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ఆ తర్వాత హృషికేశ్ అని కొత్త ప్రోగ్రామర్ చేరాడు. అతనికి సుష్మ పని వివరిస్తుంటే, వెనక కుర్చీలో ఫోన్ల ముందు కూర్చున్న గౌతమి వింటోంది.

"ప్రతి మార్పూ స్క్రిప్టులో ఉండాలి, నడిపాక పోల్చి చూడాలి," అంది సుష్మ. "ఒకసారి మా అక్క ఒక లైను వదిలేసి నడిపేసింది. పాపం, పేషెంట్లు ఎంత అవస్థ పడ్డారో. కదక్కా?"

అని వెనక్కి తిరిగి ప్రేమగా నవ్వింది. అబద్ధమాడే మొహం కాదది. అలాగే జరిగిందని నిజంగా నమ్మేసిన మొహం. ఏనాటికైనా సుష్మ నోరు విప్పుతుందని గౌతమి ఎదురుచూసింది. ఆ పిల్లకు విప్పి చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు.

"అవు," అంది గౌతమి. "నేనే మర్చిపోయిన."