ఎవలి పిల్లవే?

ఇయ్యాల ఫిషింగ్ హార్బర్‌లో ఒక కుర్రాడు సెల్ఫీ కోసం చెప్పులతోనే పడవెక్కీసేడు. దిగమని గట్టిగా కేకేసేను.

గుర్తుందా, నా చిన్ననాటి ఒడ్డు పిల్లలూ? మా నాన్న ఐస్ ఫ్యాక్టరీ పనికని ఊర్నించి వచ్చిన కొత్తలో, మీ ముందు గొప్పకి నానూ అలాగే ఎక్కేను, కొత్త నీలం హవాయి చెప్పులతో. పడవంటే గంగమ్మ తల్లని, చెప్పులతో ఎక్కకూడదని నాకేటి తెలుసు? కేరింతలు కొడుతున్న మీరంతా వెనక్కి జరిగిపోయేరు. పడవ గలాయన తెడ్డు పట్టుకుని వచ్చేడు.

"ఎవలి పిల్లవే?"

ఇంక నన్ను ఒడ్డుకి రానివ్వరనుకున్నాను. వల కుడుతున్న నూకాలు మామ్మ తలెత్తకుండానే, "మా పిల్లేరా. సెప్పులు ఇప్పడం మర్సిపోనాది," అంది.

ఇయ్యాల నా కేకకి ఆ కుర్రాడు దిగి, "ఈ పడవ మీదేనాండీ?" అన్నాడు.

"కాదు బాబూ. నాను నూకాలు మామ్మ పిల్లని."