మంచుకి పెట్టిన కెమెరా

2006 డిసెంబరు. గూడెం కొత్తవీధి సంత వీధిలో మాకు సీడీలు, డీవీడీలు అద్దెకిచ్చే కొట్టుండేది. మైదానం నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళం. సరుకు కోసం మా ఆయన విశాఖపట్నం తిరిగేవారు, కొట్టు నేను చూసుకునేదాన్ని. నేను బడికి వెళ్ళలేదు. తెలుగూ ఇంగ్లీషూ మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పారు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను. ఆ చదువు నన్ను ఇరుకున పెట్టింది ఒక్కసారే.

ఆ వారం ఒక కాఫీ తోట మేనేజరుగారి కోసం కలెక్టర్స్ ఎడిషన్ తెప్పించాం. దాచుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసే పెట్టె అది. రేకు డబ్బాలో సినిమా డిస్కు, హీరో ముసుగు బొమ్మ ఉన్న చిన్న పుస్తకం, సినిమాలో లేనివన్నీ పెట్టిన బోనస్ డిస్కు ఉంటాయి. అదొక సూపర్ హీరో సినిమా. కొండ అంచున హీరో నిలబడే దృశ్యాలు రెండేళ్ళ కిందట లంబసింగి దగ్గర తీశారు కాబట్టి మా వైపు దానికి పేరెక్కువ.

ఖరీదైన డిస్కు ఏదొచ్చినా గీతలున్నాయేమోనని చివరిదాకా వేసి చూశాకే ఇచ్చేదాన్ని. సంత రోజు పొద్దున, మంచు ఇంకా వీడకముందే, బోనస్ డిస్కు వేశాను. డిలీటెడ్ సీన్స్, అంటే తీశాక సినిమాలోంచి కత్తిరించేసిన ముక్కలు, వస్తున్నాయి. ఒకదాన్లో తెల్లటి మంచులోంచి ముసుగు మనిషి నడిచి వస్తాడు. అంచు దగ్గర ఆగుతాడు. కెమెరాని చూడడు. కింద ఊళ్ళున్న వైపు తల తిప్పి అలాగే ఉండిపోతాడు. సంగీతం లేదు. గాలి చప్పుడొక్కటే.

"అది ఆపు, సావుకారమ్మా."

మా అరుగు మీద పిప్పళ్ళు అమ్ముకునే చిలకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

ఆమె కొడుకు బొంజన్న సంగతి సంతంతా ఎరుగుదురు. షూటింగు వాళ్ళ లైట్లు మోయడానికి కూలికి వెళ్ళాడు. ఒడ్డూ పొడుగూ సరిపోయిందని రెండు రోజులు హీరో డ్రెస్ తొడిగి, దూరపు షాట్లలో డూప్‌గా నిలబెట్టారు. "మా గుంటడి మొకం బాగానే ఉంటాది, ముసుగేల? ఆ హీరోకే పళ్ళెత్తేమో" అని అప్పుడు చిలకమ్మ అందరినీ నవ్వించింది. మూడో రోజు అతను తన సొంత బట్టల్లో లైటు మోసుకెళ్తూ, పదిమంది చూస్తుండగా, మంచులో కాలు జారి లోయలో పడిపోయాడు. వారం వెతికినా శవం దొరకలేదు.

ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. ఎడమ భుజం కొంచెం వాల్చి నడిచే నడక.

"కావిడి మోసిన బుజం. మా వోడే" అంది. "ఎప్పుడు తీసేరో తెలుత్తాదా?"

డూప్‌గా వేసిన ఆ రెండు రోజుల్లో తీసిందే అయ్యుంటుందన్నాను. ఆమె కాదనలేదు, కానీ కదల్లేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పోయినవాళ్ళ గుర్తుగా రాయి నిలుపుతారు, కానీ శవం దొరకని మనిషికి వెంటనే నిలపరు. పోయినవాడు ఒక్కసారైనా తనవాళ్ళకి ఆనవాలు చూపించాలి. అందుకని పొద్దుగూకాక గుమ్మంలో బూడిద జల్లి, తెల్లారి అడుగులు వెతుకుతారు. ఆనవాలు కనబడితేనే రాయి నిలిపి పెద్దల్లో కలుపుతారు. అంతవరకూ ఆ జీవం చలిలో తిరుగుతూనే ఉంటుందట. రెండేళ్ళుగా ఆమె బూడిదలో కోడికాళ్ళూ పిల్లికాళ్ళూ తప్ప ఏమీ పడలేదు.

బతికుండగా తీసిందైతే అది ఉత్త బొమ్మే. అది తేల్చడానికి నా దగ్గరున్న దారి ఒకటే, కామెంటరీ. దృశ్యం నడుస్తుంటే దర్శకుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు వినిపించే రెండో ఆడియో ట్రాక్ అది. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కాను. గాలి చప్పుడు తగ్గి, ఇంగ్లీషులో ఒక మగ గొంతు నవ్వుతూ మొదలైంది.

అది షూటింగు ఆఖరి రోజన్న మాట మొదట చెప్పాడు. డూప్‌గా చేసిన స్థానికుడు అప్పటికి వారం కిందటే పోయాడు. హీరో హైదరాబాద్ వెళ్ళిపోయాడు. డ్రెస్ వ్యానులో, తాళం వేసి ఉంది. మంచు బాగుందని ఉత్త మంచుకే కెమెరా పెట్టారు. అక్కడ ఎవరూ లేరు. ఎడిటింగ్ గదిలో చూసుకుంటే ఇతను ఉన్నాడు. అక్కడితో ఆ గొంతులో నవ్వు ఆగిపోయింది.

చిలకమ్మ టీవీని కాదు, నన్ను చూస్తోంది.

"ఏటంతన్నాడమ్మా ఆయన?"

మీవాడు బాగా చేశాడంటున్నాడు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఎవరూ లేరని కన్నతల్లితో ఎలా అనడం? కానీ ఆ వీధిలో ఆ ఇంగ్లీషు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను మాట మారిస్తే ఆమెకి సరిదిద్దేవాళ్ళు లేరు. గూట్లో దేవుడి పటం వైపు ఒకసారి చూసుకుని, ఒక్కో మాటా విన్నది విన్నట్టు చెప్పాను.

"డ్రెస్సు బండిలోనే ఉందా?"

"ఉందిట, పెద్దమ్మా."

"ఇంకెవులూ నేరా?"

"లేరుట."

కూలిపోతుందనుకుని పట్టుకోబోయాను. ఆమె నా చెయ్యి తీసేసి అరుగు మీద మెల్లగా కూర్చుంది.

"అయితే వొచ్చేడు. ఊరు కనబడే సోటికి వొచ్చేడు. నానేమో గుమ్మంలో ఎతుకుతన్నాను." బుట్ట దగ్గరికి లాక్కుని, "బేగి రాయి నిలపాల. శానా సలి తిన్నాడు" అంది. సగం కూడా అమ్ముడుపోని పిప్పళ్ళ బుట్ట నెత్తికెత్తుకుని మంచులోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మేనేజరుగారు వచ్చి పెట్టె పట్టుకెళ్ళారు. డిస్కుల మీద గీతల్లేవని మాత్రం చెప్పాను. రాయి నిలిపిన రోజు చిలకమ్మ నన్నూ పిలిచి, సామ అన్నం ఆకులో పెట్టి కొసరి కొసరి వడ్డించింది.

పెట్టెలు అమ్ముడుపోవడానికి ఇలాంటి కథలు అల్లుతారని, వాటిని అమ్మేదాన్ని కాబట్టి నాకు తెలుసు. తెలిసినా ఆ ముక్క మళ్ళీ చూడాలనిపించలేదు. మంచు పట్టిన పొద్దుల్లో కొట్టు తెరుస్తూ కొండ అంచు వైపు చూడకుండా ఉండడం మాత్రం అలవాటైంది. ఎవరైనా కాగితమో డిస్కో తెచ్చి ఇందులో ఏముందమ్మా అని అడిగితే, వాళ్ళు తట్టుకోగలరా లేదా అని నేను లెక్కవెయ్యడం ఆ రోజుతో మానేశాను. నన్ను వణికించిన మాట కోసమే ఆమె రెండేళ్ళు గుమ్మంలో కాచుకుని ఉంది. దాన్ని నా నోట దాచనివ్వనందుకు దేవుడికి ఇప్పటికీ కృతజ్ఞురాలిని.